నొక్కని ముల్లు

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. చిన్నదే. కానీ దానివల్ల ఒక మనిషి తన కళ్ళను తానే నమ్మడం మానేశాడు. ఇంట్లో కూడా చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

బ్లూ కార్డు వీసా మీద జర్మనీలోని ఇంగోల్‌స్టాట్ వచ్చిన కొత్తలో డేవిడ్ అన్న గదిలోనే ఉండేవాణ్ణి. ఆయనది భీమవరం, నాది నర్సాపురం. జర్మన్‌లో పరీక్ష రాసి మరీ చేపలు పట్టే లైసెన్సు తెచ్చుకున్న ఘనుడు. ఊరవతల ఊటనీటి వాగులో ట్రౌట్ చేపలు పట్టే క్లబ్బు పర్మిట్ కోసం మూడేళ్ళు ఎదురుచూశాడు. ఎరగా ఈకలతో చుట్టిన దొంగ పురుగులు వాడేవాడు. గేలం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లును పటకారుతో నొక్కెయ్యాలని ఆ క్లబ్బు నియమం. చిన్న చేపల్ని వదిలేటప్పుడు వాటి నోరు చీరుకుపోకూడదట.

ఒక శనివారం పొద్దున కొత్త పురుగుల డబ్బా నాకిచ్చి ముళ్ళు నొక్కమన్నాడు. గోదావరి వాడికి చెప్పాల్సిన పనేనా అది? ముల్లు లేకపోతే చేప నిలుస్తుందా? నేనప్పటికే పులుసుకి చింతపండు నానబెట్టేశాను. పై వరస నొక్కి, కింది వరస కావాలనే వదిలేశాను.

వాగు దగ్గర క్లబ్బు కాపలాదారు వచ్చాడు. అన్న కట్టిన గేలాన్ని తన చొక్కా చేతి మీద లాగి చూశాడు. నొక్కని ముల్లుకి నూలుపోగు పట్టుకుంది.

"అన్నీ నొక్కేవు కదరా తమ్ముడూ?" అన్నాడు అన్న.

"నొక్కేనన్నా. నువ్వే పాత డబ్బాలో నొక్కనిది చూసుకోకుండా కట్టుంటావ్."

ఎందుకలా అన్నాను? తిడతాడనా? కొత్త దేశంలో నా మీదికి ఏదైనా కేసు వస్తుందనా? ఏదైతేనేం, ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అన్న నన్ను అనుమానించలేదు. "నాకే కళ్ళు ఆనట్లేదేమోరా" అన్నాడు. క్లబ్బువాళ్ళు పర్మిట్ వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ దరఖాస్తు పెట్టమని నేనే బతిమాలాను. వద్దన్నాడు. గేలపు కర్రలు ఎవరికో ఇచ్చేశాడు. కళ్ళ డాక్టరు దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకున్నాడు, చూపు బాగానే ఉందని ఆవిడ చెప్పినా నమ్మలేదు.

ఇప్పటికీ ఆదివారం చర్చిలో కలుస్తాడు. పాటల పుస్తకం నా వైపు జరిపి, "నంబరు ఇదేనా, ఓసారి చూడరా" అంటాడు. చూస్తాను. ప్రతిసారీ అదే ఉంటుంది.

ఆయనకి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. చెబితే వెంటనే క్షమించేస్తాడని భయం. ఇక్కడైనా రాసుకోనివ్వండి. డేవిడ్ అన్న కళ్ళకి ఏమీ కాలేదు. ఆ ముల్లు నొక్కనిది నేను.