మూడు తప్పుల శేషాచలం మామ

"రెండే చెప్పినావు కదా పెద్దాయనా! మూడోది లేకపోతే నేనేం చేసేది? తయారు చేసి ఇమ్మంటావా?"

"ఉంటుందమ్మా, బాగా చూడు. మూడు తప్పులు లేని వస్తువు ఈ లోకంలో లేదు."

"అయితే నేను అమ్మను. పోండి, ఇంగ యాడైనా చూసుకోండి!"

వేలూరులో వీధి చివర బండికి చోటు వెతికి పెట్టి వచ్చి, ఆ ఇంటి మేడ మెట్లెక్కుతుంటే నా చెవిన పడిన మాటలివి. అరుస్తున్నది సింధుజ. నేను కొనాలని వచ్చిన సెకండ్‌హ్యాండ్ డ్రాయింగ్ ట్యాబ్లెట్ ఆమెదే. ఆమె చేత అరిపిస్తున్నది, నాకంటే ముందే పైకెక్కేసిన మా శేషాచలం మామ.

మామకి ఒకటే జబ్బు. మూడు తప్పులు చెప్పందే ఏదీ కొనడు. రెండు చాలవు, నాలుగు వద్దు. మా ఊరు గుడియాత్తం బజారులో మామని చూడగానే కూరగాయల కుప్పమ్మ నెత్తి కొట్టుకుంటుంది. "వచ్చినాడప్పా జడ్జి!" గుమ్మడికాయ వంకర అంటాడు, తొడిమ ఎండింది అంటాడు, మూడోది దొరక్కపోతే కాయని చెవి దగ్గర పెట్టుకుని వింటాడు.

పెళ్లిచూపుల్లోనూ అంతే. అమ్మాయి గొంతు పెద్దది, నడక వేగం, ఉప్మాలో ఉప్పు తక్కువ అని అందరి ముందూ చెప్పి, "సరి, ముహూర్తం పెట్టండి" అన్నాడట. ముప్పై ఏళ్లయింది. కస్తూరమ్మత్త ఇప్పటికీ ఉప్పు తక్కువే వేస్తుంది. కక్షతో వేస్తుందని నా అనుమానం.

సొంత లుంగీల అంగడిలో కూడా ఆయన నోరు ఊరుకోదు. "ఇది రెండు ఉతుకులకి రంగు దిగుతుందప్పా, అంచు కొంచెం పలచన, పొడుగు నీకు చాలదు" అని చెప్పి మరీ అమ్ముతాడు. ఆ అంగడి ఎలా నడుస్తోందో నాకు అర్థం కాదు. నడవడమేమిటి, పరుగెడుతోంది.

ఇక నా సంగతి. ఇంజనీరింగ్ మూడో సెమిస్టర్‌లో మానేశాను. నచ్చలేదు, అంతే. ఏడాదిలో నాలుగు ఉద్యోగాలు మారాను. ఫోన్ మీద వేలితో బొమ్మలు గీయడం ఒక్కటే వదలబుద్ధి కాలేదు. లుంగీలకి లేబుళ్లు అచ్చువేసే దేవేంద్రన్ ఆ బొమ్మలు చూసి, "బాగుండాది, కానీ వేలితో గీస్తే గీత వణుకుతా ఉండాది. కంప్యూటర్‌కి తగిలించి గీసే పెన్నూ పలకా తెచ్చుకో. సోమవారం నెమలి బొమ్మ ఒకటి గీసి చూపిస్తే పని నీది. లేకపోతే ఇంకొకణ్ని చూసుకుంటా" అన్నాడు. కొత్తది కొనే తాహతు లేదు. ఫోన్‌లో వెతికితే సింధుజ ప్రకటన కనిపించింది. పిలవకుండానే మామ బండి వెనక ఎక్కి కూర్చున్నాడు. డబ్బు నాది, తప్పులు ఆయనవి.

నేను లోపలికి అడుగు పెట్టగానే సింధుజ నా మీద పడింది.

"నువ్వేనా మెసేజ్ పెట్టింది? మీ మామేమో, పలక మీద గీతలుండాయి అంటాడు. గీతలు గీసేదానికే కదా అది!"

"వైరు కూడా వొంచి పట్టుకుంటేనే పని చేస్తా ఉండాది. అది రెండు" అన్నాడు మామ, నిమ్మళంగా. ట్యాబ్లెట్‌ని కిటికీ వెలుతురులో పెట్టి, లుంగీలో జారిన పోగు వెతికినట్టు వెతుకుతున్నాడు. తర్వాత వాసన చూశాడు.

"మామా, నాకు రెండు చాలు" అని బతిమాలాను.

"నీకు చాలు. నాకు చాలదు." ఆమె వైపు తిరిగాడు. "ఎందుకమ్మా అమ్మేస్తా ఉండావు?"

"బొమ్మలు మానేసినాను. మూడేండ్లు గీసినా ఒక్కరూ పని ఇయ్యలా. ఇప్పుడు బ్యాంకు పరీక్షలకి చదువుకుంటా ఉండాను."

గోడ మీద బొమ్మలు పీకేసిన చోట టేపు ముక్కలు అలాగే ఉన్నాయి. మామ వాటినే చూస్తూ నిలబడ్డాడు. సింధుజ పెన్ను చేతిలో కాసేపు తిప్పి, తల వంచుకుంది.

"పెన్ను పక్కన బటన్ పని చేయదు. కింద పడేసినాను. చెప్తే కొనరని చెప్పలేదు. కావాలంటే రేటు తగ్గించుకోండి."

"తగ్గించమని ఎవరడిగినారమ్మా?" అన్నాడు మామ. నా జేబులోంచి డబ్బు లాగి ఆమె అడిగిందంతా చేతిలో పెట్టాడు. నేను ఖాళీ జేబు తడుముకున్నాను.

"మూడూ చూసే కొన్నాం తల్లీ. పాత సామాను అమ్మినోళ్లకి పది దినాలు ఫోన్ మోగితే భయం, కొన్నోడు తిడతాడేమోనని. తిట్లన్నీ ఈ పొద్దే అయిపోయినాయి. రేపు వీడు ఫోన్ చేసి ఏమైనా వాగితే నాకు చెప్పు."

అప్పుడు వెలిగింది నాకు. నా ఎరుకలో ఈ మనిషి ఒక్క వస్తువుకీ బేరమాడలేదు. కుప్పమ్మ ఎంతంటే అంత ఇచ్చేసి వస్తాడు. మేమంతా తప్పులే విన్నాం, ఆ తర్వాత జరిగేది చూడలేదు. నేను కాలేజీ మానేసి వచ్చిన రోజు కూడా, "కుదురు లేదు, నోరు ఎక్కువ, ఇంట్లో చెప్పకుండా చేసినావు" అని మూడూ లెక్కగా చెప్పి, "రా, అన్నం తిను" అన్నాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. మిగతా చుట్టాలు నాకు ఇంకా తప్పులు చెబుతూనే ఉన్నారు, అన్నం మాత్రం ఎవరూ పెట్టలేదు. ఇలాంటి మామ మీకున్నాడా? నాకున్నాడు.

డ్రాయింగ్ ట్యాబ్లెట్‌తో గీయడం తేలిక కాదు. చెయ్యి పలక మీద, చూపు నా కాలేజీ నాటి కంప్యూటర్ తెర మీద. మొదట గీసిన నెమలి జ్వరమొచ్చిన కోడిలా ఉంది. ఆదివారం సాయంత్రానికి నెమలి నెమలిలా వచ్చింది. సోమవారం దేవేంద్రన్ దాన్ని అటూ ఇటూ చూసి, "రేపటి నుంచి రా" అన్నాడు. ఇప్పుడు గుడియాత్తం నుంచి ఎన్ని ఊళ్లకి లుంగీలు పోతాయో అన్ని ఊళ్లకీ నా నెమలి పోతోంది. గొప్పలే చెప్పుకుంటున్నాను, అవును.

ఆ సోమవారం అంగడికి పరుగెత్తి మామకి ఆ కోడినీ ఈ నెమలినీ, రెండు బొమ్మలూ చూపించాను. చాలాసేపు చూశాడు.

"ఆ వేలూరు పిల్లకి ఒకటి పంపు నాయనా."

నెమలి మీద వేలు పెట్టాను. మామ నా మణికట్టు పట్టుకున్నాడు.

"అది కాదురా. మంచిది చూస్తే, సరి, నా పలక మంచి చేతిలో పడిందని మళ్లీ బ్యాంకు పరీక్ష పుస్తకం తెరుస్తుంది. ఆ కోడిని పంపు. దాన్ని చూస్తే ఊరుకోబుద్ధి కాదు, దిద్దేదానికైనా పెన్సిల్ పట్టుకుంటుంది."