ఒకటి తిప్పితే రెండు

లేత్ మేస్త్రికి కడుపుమంట మొదలైంది కొత్త మిషన్ షెడ్డులోకి దిగిన రోజు కాదు, దాన్ని కిటికీ దగ్గర పెట్టిన రోజు. ఆ వెలుతురులో ముప్పై ఏళ్ళు నిలబడింది ఇనప కడ్డీల్ని తిప్పి చెక్కే ఆయన లేత్. ఇప్పుడు దాన్ని మూలకి, చేతులు కడుక్కునే కుళాయి పక్కకి నెట్టారు. కొత్తదంటే నిజానికి అదీ పాతదే. మూతపడ్డ ఫ్యాక్టరీలోంచి ఆ కంప్యూటర్ లేత్‌ని కొనుక్కొచ్చింది తమ్ముడు. నడపబోయేది తమ్ముడి భార్య. పెళ్ళికి ముందు ఆరేళ్ళు అలాంటిదాని మీదే పనిచేసిందట.

"పాతదైనా బంగారం, బావగారూ," అందామె దుమ్ము తుడుస్తూ.

"బంగారమైతే వాళ్ళెందుకు అమ్ముకున్నారమ్మా?" అన్నాడు మేస్త్రి.

ఆయన్ని అందరూ వెంట్రుకవాసి అంటారు. కొలతలో అంత తేడా ఉన్నా ఒప్పుకోడు మరి. పంపుల కంపెనీ ఇంజినీరు గుమ్మంలో అడుగు పెడుతూనే "మన వెంట్రుకవాసి ఎక్కడ?" అంటాడు. ఆ ఒక్క మాట కోసమే మేస్త్రి ఆ రోజు ఉతికిన చొక్కా వేసుకొస్తాడు. ఈసారి ఇంజినీరు వస్తున్నది కొత్త మిషన్ కోసం. ఇవాళ సాయంత్రం నాలుగింటికల్లా ఒకే కొలతలో నాలుగు షాఫ్టులు, అదే పంపులో తిరిగే కడ్డీలు, చూపిస్తే నెలనెలా పని ఇస్తానన్నాడు. ఇక ఆ గుమ్మంలో తన పేరు వినపడదని మేస్త్రి దిగులు. మిషన్ మొరాయిస్తే బాగుండునని పైకి అనలేదు గానీ, లోపల వందసార్లు అనుకున్నాడు.

అది మొరాయించింది కూడా. లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చి, దాచిన సెట్టింగులన్నీ చెరిగిపోయాయి. మిషన్ తలుపు లోపల అంటించిన కాగితం చూసి ఆమె ఒక్కొక్కటీ మళ్ళీ కొట్టింది. ఒక్క వరస మాత్రం ఆయిలు మరకలో కలిసిపోయింది. అక్కడ సున్నా పెట్టింది. తీరా నలభై మిల్లీమీటర్ల కడ్డీని ముప్పై ఆరుకి తగ్గించమంటే మిషన్ ముప్పై రెండుకి తెచ్చింది. ఇంకో కడ్డీ బిగించి ముప్పై ఎనిమిది చాలంటే ముప్పై ఆరు చేసింది.

కొలిచింది మేస్త్రే. మైక్రోమీటరు చూడగానే ఆయనకి తెలిసిపోయింది. నాలుగు తియ్యమంటే ఎనిమిది, రెండంటే నాలుగు. తన పాత లేత్ చక్రమూ అంతే. చెక్కే టూల్ ఒక మిల్లీమీటరు లోపలికి వెళ్తే, తిరిగే కడ్డీ చుట్టూ తగ్గి లావులో రెండు పోతాయి. అందుకే ముప్పై ఏళ్ళుగా ప్రతి కొలతనీ సగం చేసుకునే తిప్పుతున్నాడు. మిషన్‌కి కూడా ఆ సగం సంగతి చెప్పాలి, అంతే. మాట నాలుక చివరిదాకా వచ్చింది. గుటకేసి మింగేశాడు.

"ఏమైందంటారు, బావగారూ?"

"నాకేం తెలుసమ్మా, కంప్యూటరు సంగతులు," అని మైక్రోమీటరు పెట్టెలో పెట్టేశాడు మహానుభావుడు.

రెండున్నరకి మెకానిక్ ఫోనులో, "లోపలి స్క్రూ అరిగిపోయుంటుంది, తుక్కుకి వేసేయండి," అన్నాడు. తమ్ముడు తల పట్టుకుని లారీవాడి నంబరు వెతుక్కోసాగాడు. ఆమె మూలకి వచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బావగారూ, మన పరువు మీరే నిలబెట్టాలి. ఆ నాలుగూ మీ లేత్ మీద చేసేయండి."

మేస్త్రికి ఏనుగెక్కినంత సంబరమైంది. చొక్కా చేతులు మడిచి, కడ్డీ బిగించి, చక్రం పట్టుకున్నాడు. నలభైని ముప్పై ఆరు చెయ్యాలి. అలవాటు కొద్దీ చెయ్యి రెండు దగ్గర ఆగింది.

"నాలుగు తియ్యాలి కదా, రెండే తిప్పారేం?"

ఆమె చక్రాన్ని చూసింది, ఆయన్ని చూసింది, మిషన్ తలుపు కాగితం మీది ఆయిలు మరకని చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"మీకు పొద్దుటే తెలుసు కదూ?"

మేస్త్రి తేలు కుట్టిన దొంగలా చక్రం వదిలేశాడు. ఆమె వెళ్ళి, మరక పడ్డ వరసలో సున్నా తీసి ఒకటి పెట్టి, కొలతని సగం చేసుకొమ్మని మిషన్‌కి చెప్పి, అంతా మళ్ళీ సరిచూసుకుంది. నాలుగింటికి పది నిమిషాలుందనగా నాలుగో షాఫ్టు దిగింది. నాలుగూ ముప్పై ఆరే.

ఇంజినీరు వచ్చి కొలిచి, "ఇంత పాత మిషన్‌ని దారికి తెచ్చిందెవరు?" అన్నాడు.

మేస్త్రి తల వంచుకున్నాడు. ఇప్పుడు బయటపెడుతుంది, పెట్టనీ అనుకున్నాడు.

"మా బావగారే, సార్. ఆయన చెయ్యి చూశాకే తప్పెక్కడుందో తెలిసింది."

"మన వెంట్రుకవాసి కాక ఇంకెవరు!" అంటూ ఇంజినీరు భుజం తట్టాడు.

పొద్దుట్నుంచీ కోరుకున్న మాటే. మేస్త్రి ఆమె వైపు తిరిగాడు. ఆమె అప్పటికే చీపురు తీసుకుని మిషన్ కింద ఇనప రజను ఊడుస్తోంది. తానైతే ఆమె పేరు చెప్పి ఉండేవాడా? చచ్చినా చెప్పేవాడు కాదు. మిషన్‌ని చూసి, కిటికీని చూసి కుళ్ళుకున్నది చాలక, ఇప్పుడు ఆమె మనసుని చూసి కూడా కుళ్ళుకున్నాడు మేస్త్రి.