అడగకుండా దించిన కారు

కాలనీ గేటు ముందున్న స్పీడ్ బ్రేకర్ మీద కారు పొట్ట గరగరా గీసుకుంది. జమున బ్రేకు తొక్కింది. ముందు చక్రాలు అవతల, వెనక చక్రాలు ఇవతల, నడుమ సిమెంటు దిమ్మె మీద కారు ఆనుకుని ఆగిపోయింది.

ఆ దిమ్మె ఏ ఇంజనీరూ పోయించింది కాదు. బొగ్గు టిప్పర్లు మలుపు దగ్గర వేగం తగ్గించకుండా దూసుకుపోతుంటే, మందమర్రిలో ఆ కాలనీవాళ్లే ఇసుక, సిమెంటు తెచ్చి పోసుకున్నారు. కోపంలో పోసింది కాబట్టి ఎత్తు ఎక్కువే వచ్చింది. బాయికి, అంటే బొగ్గు గనికి, పోయే దారిలో అలాంటివి ఇంకా ఉన్నాయి. ఇన్నేళ్లుగా జమున కారు వాటిని ఎక్కి దిగుతూనే ఉంది.

"ఏమైందక్కా?" అంది వెనక సీట్లోంచి మమతారాణి.

"ఏం కాలే. జర దిగుండ్రి. బరువు తగ్గితే లేస్తది."

నలుగురు ఆడవాళ్లూ టిఫిన్ డబ్బాలు చేతబట్టుకుని దిగారు. అందరూ ఒకే బాయి మీద, లోపలికి దిగకుండా పైన పనిచేసేవాళ్లు. మొదటి షిఫ్టుకు కలిసి పోతారు. కారు దిమ్మె మీంచి మెల్లగా జారి అవతల పడింది. టీ బండి దగ్గర నిలబడ్డవాళ్లకు పొద్దున్నే మంచి కాలక్షేపం దొరికింది.

"జమునక్కా, కారు పొర్లుదండాలు పెడుతుందేంది? ఏం మొక్కినవ్?"

"నీ నోరు పడిపోవాలని మొక్కిన."

అందరూ నవ్వారు, కిష్టవ్వ తప్ప. ఆమెకు రిటైర్మెంటు దగ్గరపడింది. మోకాళ్ల నొప్పులతో నాగాలు ఎక్కువై, ఇంకొకటి పడితే చార్జిషీటు ఇస్తామని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఆమె ఏడుస్తూ కూర్చున్న రోజున జమున మాటిచ్చింది. "ఫికర్ చెయ్యకు చిన్నమ్మా. నిన్ను రోజూ బాయి గేటు కాడ దించే జిమ్మేదారి నాది" అంది.

రెండో స్పీడ్ బ్రేకర్ దగ్గరా దిగాల్సి వచ్చింది. దిగిన కిష్టవ్వ మళ్లీ ఎక్కలేదు. అటుగా వస్తున్న ఆటోను ఆపింది. "నేను పోతున్న బిడ్డా" అని ఒక్క మాట అని, కుంటుకుంటూ ఎక్కి వెళ్లిపోయింది. ఆమెకు హాజరు వేసే మస్టర్ అందింది. కారులో వచ్చిన వాళ్లకు అందలేదు. గేటు దగ్గర బతిమిలాడి, కసిరించుకుని, నాగా వేయించుకుని అందరూ వెనక్కి తిరిగారు. తిరుగుదారిలో ఎవరూ జమునను తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

ఆ ఉద్యోగం ఆమెకు బాపు నుంచి వచ్చింది. రాయమల్లు కళ్లు మసకబారి, ఇక బాయి దిగలేడని డాక్టర్లు రాసినప్పుడు అతని బదులు కూతురు చేరింది. అప్పటికి పెళ్లై, మొగుడు సంపత్ మస్కట్‌లో ఉన్నాడు. రెండో షిఫ్టు అయ్యాక ఆటోవాడి మాటలు, వాడు అద్దంలోంచి చూసే చూపులు భరించలేక కారు నేర్చుకుంది. గ్రౌండులో నేర్చుకుంటుంటే గోడ మీద కూర్చుని నవ్వినవాళ్లున్నారు. మొదటి వారంలోనే మురుగు మోరీలో దింపింది. తాళ్లు కట్టి లాగించుకుని, మర్నాడు మళ్లీ తీసింది. "నీకెందుకే కారు? ఆటోలు లేవా?" అని సంపత్ ఫోన్‌లో నవ్వాడు. ఆమె వాదించలేదు. తన జీతంలోంచే పాత తెల్ల కారు ఒకటి కొనుక్కుంది. ఆ తర్వాతే ఒక్కొక్కరుగా ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. ఏ సీటు ఎవరిదో కూడా ఖాయమైపోయింది. మోకాళ్లు చాపుకోవాలి కనుక ముందు సీటు కిష్టవ్వది.

సంపత్ మొన్న దసరాకు పూర్తిగా తిరిగి వచ్చేశాడు. అక్కడ గ్యారేజీలో పని. కుర్రకారు కోరినట్టు కార్ల ఎత్తు తగ్గించి నేలకు దించి ఇవ్వడంలో చెయ్యి తిరిగినవాడు. మంచిర్యాల రోడ్డు మీద అలాంటి దుకాణమే పెట్టాలని ఉంది. చేసి చూపించడానికి ఒక కారు కావాలి. ఆదివారం జమున బస్సులో చెల్లెలింటికి భైంసా వెళ్లిన పూట, ఇంటిముందున్న కారును జాకీల మీద లేపాడు. పొద్దుపోయి తిరిగొచ్చిన జమున చీకట్లో ఏమీ గమనించలేదు.

నాగా పడి జమున ఇంటికొచ్చేసరికి సంపత్ మెట్ల మీద కూర్చుని, కారు ఫొటోలు ఎవరికో పంపుతున్నాడు.

"గింత జల్ది వచ్చినవేందే?"

"నాగా పడ్డది. నాకూ, ఆళ్లకూ. నీ పుణ్యమాని."

"నేనేం జేసిన?"

"నా కారును ఏం జేసినవో జెప్పు ముందు."

సంపత్ ముఖం వెలిగింది. దాని గురించి మాట్లాడమంటే అతనికి అంత ఇష్టం. "స్ప్రింగులు మార్చిన. షాకబ్జార్బర్లు కారుతోని వచ్చినవే, ఆటిని ముట్టలే. పొట్టి స్ప్రింగులు, జర గట్టియి. కారు కిందికి దిగిందా, మలుపు కాడ ఇగ పక్కకు ఒరగది. రోడ్డును పట్టుకుని పోతది."

"నేను మలుపుల కాడ పందెం పోతున్ననా? ఐదుగురం కూసుంటే టక టక కొట్టుకుంటున్నది. నడుములు ఇరిగినయ్."

"ఐదుగురా?" అతను నిజంగానే ఆగిపోయాడు. "అంతమంది కూసుంటే కొట్టుకుంటది మరి. షాక్ లోపలి రాడ్డు దిగేటందుకు జాగ ఉండదు. అడుగున రబ్బరు గుండు మీద కూసుంటది. నేను మనిద్దరి లెక్కన చూసిన."

"మనిద్దరి లెక్కనా?"

"నువ్వు, నేను. కొండగట్టుకు గిట్ల పోదామని…"

ఆ మాటకు ఇంకో రోజైతే ఆమె మెత్తబడేదేమో. ఇప్పుడు మాత్రం ఒళ్లు మండింది. "నేను ఇన్నేండ్లు ఎవర్ని ఎక్కించుకుని తిరుగుతున్ననో నీకు ఎరుకలేదా? రోజూ ఫోన్ల జెప్తలేనా? కూర ఏం వండినవని అడుగుడు తెలిసింది, కారుల ఎంతమంది కూసుంటరని అడుగుడు తెల్వలేదా?"

"నీకు ఖుషీ అయితదనుకున్న."

"నా వస్తువు మీద చెయ్యేసి నన్ను ఖుషీ చేస్తవా? పాత స్ప్రింగులు తే. ఇప్పుడే ఎక్కియ్యి."

సంపత్ ఫోన్‌ను జేబులో పెట్టుకున్నాడు. "అవి ఊరికి పంపిన. మా అవ్వకు."

"మీ అవ్వకు కార్ల స్ప్రింగులెందుకు?"

అడుగుతుండగానే ఆమెకు అర్థమైంది. లక్సెట్టిపేట దగ్గర వాళ్ల ఊళ్లో స్ప్రింగు ఉక్కును ఎవరూ పాత ఇనుము వాడికి అమ్ముకోరు. లారీదైనా ట్రాక్టర్‌దైనా దొరికితే దాచుకుని, పని మొదలయ్యే ముందు కమ్మరి కొలిమికి ఇస్తారు. అందులోంచి వచ్చిన కొడవలి, కత్తి పదును పోదంటారు. సంపత్ ఆదివారం విప్పినవి ఆ పూటే బస్సు ఎక్కించాడు.

"ఎక్కు," అంది జమున.

"జమునా, ఇప్పుడు…"

"కారెక్కు."

ఆమె నడిపింది. అతను పక్కన కూర్చున్నాడు. ఊరి దారిలో కల్వర్టు మిట్టలు వచ్చినచోటల్లా ఆమె కారాపి తల తిప్పకుండా ఉండేది. అతనే దిగి, మిట్ట నడిచి దాటి, అవతల ఎక్కేవాడు. మూడోసారి దిగినప్పుడు డోరు గట్టిగా వేశాడు.

"గట్టిగ ఎయ్యకు. నీది కాదు," అంది ఆమె.

కొలిమి దగ్గర కమ్మరి బుచ్చిరాములు సుత్తి దించి చూశాడు. అత్త శంకరవ్వ అక్కడే గోడ నీడన కూర్చుని, కొత్త కత్తి అంచును బొటనవేలితో తడుముతోంది. పత్తి కట్టె నరకడానికి చేయించుకున్నది. ముందు స్ప్రింగులు రెండూ అప్పటికే సాగి, సాపు అయిపోయాయి. వెనకవి ఇంకా చుట్టలుగానే బొగ్గుల పక్కన ఉన్నాయి.

"చూడు కోడలా, నా కొడుకు ఎంత మంచి ఇనుము పంపిండో."

"అత్తా, అది నీ కొడుకు ఇనుము కాదు. నా కారు కాళ్లు."

"కాళ్లు లేకుంటే ఎట్లొచ్చినవే? దాంట్లనే వస్తివి గద?"

"ఎట్లొచ్చిననో నీ కొడుకును అడుగు. సగం తొవ్వ నడిచే వచ్చిండు."

బుచ్చిరాములు నవ్వు ఆపుకున్నాడు. "నాకేం ఎరుక చెల్లె? ఇగ అక్కర లేనియని జెప్పిండ్రు, కాల్చిన. మళ్లీ చుట్ట జెయ్యమంటే నాతోని గాదు."

జమున సంపత్ వైపు తిరిగింది. "అక్కర లేదని నువ్వు జెప్పినవా?"

"అంటే… కొత్తవి బాగనే ఉన్నయి గదా అని…"

"అది కాదు. నాకు నచ్చకుంటే ఎనుకకు ఎక్కియ్యమంటనని ఎరికే నీకు. అందుకే నేనొచ్చేలోపే పంపినవ్."

అతను కొలిమిలోని నిప్పును చూస్తూ నిలబడ్డాడు. కాదనలేదు. శంకరవ్వ కొడుకు ముఖం చూసి, చేతిలోని కత్తిని కొంగు కింద పెట్టుకుంది.

వెనక స్ప్రింగులు రెండూ డిక్కీలో వేసుకుని బయల్దేరారు. మంచిర్యాలలో పాత కార్లు విప్పి సామాను అమ్మే చోట, అదే రకం కారు ఒకటి ముందు భాగం బాగానే ఉండి పడి ఉంది. దాని ముందు స్ప్రింగులు విప్పించారు. సంపత్ వాటిని తిప్పి తిప్పి చూసి, పగుళ్లు లేవని చెప్పాడు.

సాయంత్రం ఇంటిముందు మళ్లీ జాకీలు లేచాయి. స్ప్రింగును అదిమిపట్టే పొడుగు మరలు మస్కట్ నుంచి బట్టల్లో చుట్టుకుని తెచ్చుకున్నాడతను. అటూ ఇటూ సమానంగా బిగిస్తూ, స్ప్రింగు ఎగిరి తన్నకుండా ముఖం పక్కకు పెట్టి, ఓపికగా పనిచేశాడు. పని వచ్చినవాడని చూస్తే తెలుస్తుంది. అది కూడా ఆమె కోపాన్ని పెంచింది. ఇంత తెలిసినవాడికి అడగాలని తెలియకపోవడమేమిటి?

"జర లైట్ పడ్తవా?"

"ఆదివారం ఎవరు పట్టిండ్రు?"

అతను ఫోన్‌ను ఇటుక మీద ఆనించుకుని ఆ వెలుతురులో చేసుకున్నాడు. కారు నేల మీదికి దిగాక మునుపటి ఎత్తున నిలబడింది. చేతులు తుడుచుకుంటూ, "ఇగ కోపం దిగిందా?" అన్నాడు.

"స్ప్రింగులు ఎక్కినయి. కోపం ఏడికి పోలే."

మర్నాడు పొద్దున మమతారాణి, మిగతా ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. ముందు సీటు ఖాళీ. కాలనీ గేటు అవతల కిష్టవ్వ ఆటోలో కనిపించింది. జమున పక్కకు ఆపి దిగింది.

"చిన్నమ్మా, కారు మంచిగైంది. రా."

"వద్దు బిడ్డా. ఈ ఆటో అతన్నే రోజూ రమ్మన్న."

"ఒట్టు, మళ్లీ గట్ల కాదు."

"నీకేం, నీ మొగుడు దుబాయో మస్కటో పోయి వచ్చిండు. షోకు జేస్కుంటరు. జేస్కోండ్రి. నాకు చార్జిషీటు ఇస్తే నీ షోకు వచ్చి జెప్తదా దొరకు?"

కాలనీ అంతా అదే అనుకుంటోందని జమునకు అప్పుడు తెలిసింది. మొగుడు రాగానే జమునకు సోకు పట్టి, కారును నేలకు దించుకుందని. నేను కాదు, ఆయన చేశాడని చెబితే ఇంకా అధ్వానం. మొగుడి మీదికి తోస్తోందంటారు. కారెక్కి డోరు వేసుకుంది. దిమ్మెలన్నీ కారు సాఫీగా దాటింది.

షిఫ్టు నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే సంపత్ ముందు నిలబడింది.

"రేపు పొద్దున నా తోని వస్తున్నవ్. కిష్టవ్వ చిన్నమ్మ ముంగట, ఆటోలోళ్ల ముంగట జెప్తవ్. కారు ముట్టింది నువ్వేనని. నన్ను అడుగలేదని."

"గంతమందిల ఎందుకే? ఇంటికి పోయి జెప్త."

"నన్ను జూసి గంతమందిల నవ్విండ్రు."

"నా ఇజ్జత్…"

"నాకు లేదా?"

మర్నాడు పొద్దున ఆమె తాళం చెవులు తీసుకునేసరికి అతను చొక్కా వేసుకుని గుమ్మంలో ఉన్నాడు. ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక ముగ్గురూ ఒకరినొకరు పొడుచుకుంటూ నోరు మూసుకుని కూర్చున్నారు. గేటు అవతల ఆటో పక్కన కారు ఆగింది. సంపత్ దిగడానికి కాస్త ఆలస్యం చేశాడు. జమున స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తోంది.

అతను దిగి ఆటో కడ్డీ పట్టుకున్నాడు.

"అత్తా, కారు కిందికి దించింది నేను. జమున భైంసా పోయినప్పుడు చేసిన. ఆమెను అడుగలే."

గొంతు తగ్గించే చెప్పాడు. అయినా టీ బండి దాకా వినిపించింది.

కిష్టవ్వ అతన్ని కింది నుంచి మీది దాకా చూసింది. "మస్కట్ల నీకు ఇసుకల తిరుగుడు నేర్పిండ్రు, అడుగుడు నేర్పలేదా అల్లుడా?"

"తప్పయింది."

"తప్పయితే పక్కకు జరుగు. మస్టర్ దాటుతది."

ఆమె ఆటో దిగి, మోకాలు పట్టుకుని కారు ముందు సీట్లోకి ఎక్కింది. కాళ్లు చాపుకుంది. సంపత్ కారు లోపలికి చూశాడు. చోటు లేదు. జమున గేరు వేసింది.

"నేనెట్ల పోవాలె?" అన్నాడు కిటికీ దగ్గరికి వచ్చి.

"ఆటోలు లేవా?" అంది జమున, కారు ముందుకు తీస్తూ.