ఆరున్నొక్కటో జెండా

మొన్న మంగళవారం జూబ్లీహిల్స్‌లో మా అన్నయ్య కూతురింటికి వెళ్లేసరికి అది లాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చుంది. డిస్కులో సమాచారం దాచే ప్రోగ్రాములు రాయడం దాని ఉద్యోగం. "ఒకే గుర్తుని ఒకడు మూడో బిట్‌లో పెట్టాడు, ఇంకొకడు నాలుగోదాంట్లో వెతుకుతున్నాడు, మధ్యలో నేను చస్తున్నా అత్తా" అంది. నవ్వొచ్చింది నాకు.

ఫిల్మ్‌నగర్‌లో మా పాత గ్రాఫిక్స్ ఆఫీసులో సినిమా బొమ్మలను దాచే ప్రోగ్రామును నేనూ, అక్కడ నాకు సీనియరైన మా పెద్దాయనా కలిసి రాశాం. డిస్కంటే వరసగా గదులనుకోండి. గదికి ఎనిమిది బిట్లు, అంటే ఎనిమిది చిన్న గుర్తులు, వాటిని జెండాలనేవాళ్లం. ఆరు అప్పటికే వాడుకలో ఉన్నాయి. నిండిన గదిమీద మళ్లీ రాయకుండా 'రాయొద్దు' అనే జెండా కొత్తగా చేర్చాం. జెండా ఎత్తే భాగం ఆయన రాశారు, అది చూసి ఖాళీ గదులు వెతికే భాగం నేను రాశాను. ఆరు తర్వాత ఏడే కదా అని ఏడో జెండానే చూసేలా రాశాను, ఆయన్ని అడగనైనా లేదు.

ఆయనది గోదావరి వైపు. బియ్యం కొలిస్తే ఒకటిని లాభమనీ, ఏడంటే ఏడుపు వినిపిస్తుందని ఆరున్నొక్కటనీ అనే ఇల్లు. మన వయసువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఏడోది వదిలేసి ఎనిమిదో జెండా ఎత్తారు, నాకు చెప్పాలని తోచలేదు.

మూడు నెలలు రంగులద్దిన పాటను దాచిన మర్నాడు, అలవాటుగా ఖాళీ గదులు లెక్కపెట్టి చూస్తే ఒక్కటీ తగ్గలేదు, అంటే పాటున్న గదులు కూడా నా భాగానికి ఖాళీగానే కనిపిస్తున్నాయి. పరుగున వెళ్లి మెషీన్ ఆపాను. అప్పటికే పాటలో మొదటి ఇరవైనాలుగు బొమ్మల మీద, అంటే తెరమీద ఒక సెకను మేర, వేరే సినిమా పేర్లు కూర్చున్నాయి.

"ఏడు పెడితే ఏడుస్తామనుకున్నానమ్మా" అన్నారు.

"పెట్టకుండానే ఏడ్చాం కదండీ" అన్నాను.

మళ్లీ గీసే వ్యవధి లేక ఇరవై అయిదో బొమ్మనే ఒక సెకను నిలిపి ఇచ్చేశాం. నాయిక తిరగబోతూ ఆగినట్టు వచ్చింది. ఆ ఆగడమే అందమని దర్శకుడు మెచ్చుకుంటుంటే, నవ్వొస్తుందని మేమిద్దరం ఒకరినొకరం చూసుకోలేదు.

ఇప్పుడు జెండాల పట్టిక ఒక్కచోటే రాసి అందరూ అక్కణ్ణుంచే తీసుకుంటారట. మా పిల్లకు దొరికింది ఎవరో మార్చడం మరిచిపోయిన పాత ప్రోగ్రాము ముక్కట. మంచిదే. పెద్దాయన పోయి తొమ్మిదేళ్లు, ఆఫీసున్న చోట కాఫీ దుకాణం వచ్చింది. నేను మాత్రం డబ్బాలో బియ్యం కొలిచి పోస్తూ ఏడో గ్లాసును ఏడనే అంటాను. అన్న ప్రతిసారీ, వద్దమ్మా అంటూ ఆయన చెయ్యి అడ్డుపెట్టినట్టే ఉంటుంది.