రెండు బొమ్మల మధ్య సందు

అనకాపల్లిలో మా వీధికి పూడిమడక నుంచి చేపలు తెచ్చే ఒక మామ్మ ఉండేది. ఆమె అంటే నాకు అసూయ. చేపలమ్మే మనిషి మీద టీచరుకి అసూయేమిటని నవ్వితే నవ్వండి, ఉన్నమాట చెబుతున్నాను.

మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్లు. బొమ్మల కథల పుస్తకం నేను చదివిపెడితే ఆవలించేది. పాత్రకో గొంతు మార్చి, బుడగల్లో ఉన్న ప్రతి మాటా చదివేదాన్ని. అయినా ఆ పుస్తకం పట్టుకుని గుమ్మంలో మామ్మ కోసం కాచుక్కూర్చునేది.

మామ్మకి చదువు రాదు. చేతులు నీసు వాసనని పుస్తకం ముట్టుకునేది కాదు. చిటికెన వేలు గాల్లోనే ఉంచి, రెండు బొమ్మల మధ్య తెల్లగా వదిలేసిన సందు చూపించేది.

"ఈ బొమ్మలో పిల్లి గోడ మీదుంది. ఆ బొమ్మలో పాలగిన్నె బోర్లా పడిపోనాది. మరి ఈ సందులో ఏటైందో సెప్పు తల్లీ."

అంతే, మా పిల్ల అరగంట చెప్పేది. ఆ సందులో పిల్లి జారేది, ఏడ్చేది, ఓసారి పెళ్లి కూడా చేసుకుంది. నేను వంటింట్లో చేపలు తోముతూ వినేదాన్ని. ముళ్లు గుచ్చుకునేవి.

మామ్మ జ్వరమొచ్చి మా వీధికి రాని వారం, ఇదే అదను అనుకున్నాను. సబ్బుతో చేతులు కడుక్కుని, పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని, అదే సందు మీద వేలు పెట్టి, "ఇక్కడ ఏమైందే?" అని అడిగాను.

అది కాసేపు చూసి, నా వేలు పట్టుకుని పైకెత్తింది.

"నువ్వు మూసేసేవమ్మా. కనబడట్లేదు."