కన్నడంలో తిరిగొచ్చిన మాట

గనులు జోరు మీదున్న రోజుల్లో మా ఊరు కూరెకుప్ప మీదుగా మైన్స్ లారీలు తెరిపి లేకుండా పోయేవి. వాటిలో ఒకటి మా ఆయనది. ఒకనాడు లోడు మీదికెక్కి టార్పాలిన్ కడుతుంటే తాడు తెగింది. కిందపడి తలకు దెబ్బ తగిలింది. బళ్లారి నుంచి బెంగళూరుకు తీసుకుపోయారు. ప్రాణం దక్కింది, మెల్లగా నడక కూడా వచ్చింది. మాట మాత్రం పోయింది.

నేను తెక్కలకోట నుంచి కాపురానికొచ్చినప్పటి నుంచీ ఆయన గొంతుతోనే ఇల్లు నిండేది. చెప్పులు విడవకముందే, "ఏమే, యాడుండావు? ఈడికి రా!" అని అరిచేవాడు. నేను విసుక్కునేదాన్ని. ఆ అరుపు కోసం తర్వాత ఎంత ఎదురుచూశానో.

బెంగళూరులో మాట నేర్పే మేడం, "వారం వారం అంత దూరం ఎట్లా వస్తారు? ఫోన్లోనే చేద్దాం" అంది. ఆమెది కన్నడం. ఇంట్లో సిగ్నల్ ఉండదని మిద్దెమీద కూర్చునేవాళ్లం. స్పీకర్లో ఆమె అడిగేది, నేను గ్లాసో దువ్వెనో చూపించేదాన్ని. ఆయన పెదాలు కదిపి కదిపి, చెమటలు పట్టి, చివరికి ఫోన్ తోసేసేవాడు. "పర్వాలేదప్పా, తొందరేం లేదు" అనేది ఆమె.

నెలలు గడిచాక, గ్లాసు చూసి "నీరు" అన్నాడు. నేను ఏడ్చేశాను. తర్వాత మాటలు ఒకటొకటే వచ్చాయి. అన్నీ కన్నడమే. ఆ "నీరు" కూడా మేడం మాటే, ఇంట్లో మేం నీళ్లనే అంటాం.

ఒక సాయంత్రం అన్నం తీసుకుపోతే నన్ను చూసి, "బన్ని, కూత్కొళ్ళి" అన్నాడు. రండి, కూర్చోండి అని! ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కొత్తవాళ్లతో అనే మాట అది.

"మాట వచ్చింది కదమ్మా, ఏ భాషయితే ఏంది?" అంది మా అత్త. నిజమే. అయినా వంటింట్లోకి పోయి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

మేడంను అడిగాను, తెలుగు ఇంక రాదా అని.

"రెండు భాషలున్న వాళ్లకు ఒక్కోసారి ఒకటే ముందొస్తుంది. నాకు తెలుగు రాదు, మీరే మాట్లాడండి. పాఠంలాగా కాదు, ఇంట్లో మాట్లాడినట్టు."

మాట్లాడాను. చింతపండు పిసుకుతూ, దుమ్ముపట్టిన బట్టలు దులుపుతూ, పక్కింటివాళ్ల కొట్లాటలన్నీ చెప్పేదాన్ని. నవ్వాల్సిన చోట నవ్వేవాడు. జవాబు మాత్రం కన్నడంలో.

ఇప్పుడు గనులు చల్లబడ్డాయి. లారీ అమ్మేసి, ఆయన మా మరిది స్పేర్ పార్ట్స్ అంగట్లో కూర్చుంటాడు. మేడం ఫోన్లు ఎప్పుడో ఆగిపోయాయి. నాతో "బన్ని" పోయి "బా" అయింది, రండి పోయి రా అన్నట్టు. అదే చాలనుకుంటాను, చాలదు.

మొన్న నేను జ్వరంతో పడుకుంటే, నుదుటిమీద చెయ్యి పెట్టి చాలాసేపు మాట కోసం వెతుక్కున్నాడు. "కాలుతాండాది" అన్నాడు.

తెలుగులో.

కళ్లు తెరవకుండా అట్లే పడుకున్నాను, ఇంకొక్క మాట అంటాడేమోనని. అనలేదు. తెల్లారేసరికి జ్వరం తగ్గింది. తగ్గినందుకు కొంచెం దిగులేసింది.