నీళ్ల రోగం కాని నడుం నొప్పి

అది 1989వ సంవత్సరం. నల్లగొండలోని ఒక ట్రస్టు ఆసుపత్రిలో రికార్డుల విభాగానికి నేను అధికారిని. మా విభాగంలో మెడికల్ కోడింగ్ శిక్షణ ఆ సంవత్సరమే తొలిసారిగా ప్రారంభమైంది. కోడ్ పుస్తకాల పెట్టె హైదరాబాదు బస్సులో వస్తున్నదని తెలియగానే నేనే స్వయంగా బస్టాండుకు వెళ్లాను. హోదాకు తగని పని అని మా గుమాస్తా గొణిగాడు. నేను పట్టించుకోలేదు. ఆ పుస్తకాల కోసం అంతగా ఎదురుచూశాను.

కోడింగ్ అంటే ఏమిటో తెలియనివారికి రెండు మాటలు చెబుతాను. రోగి డిశ్చార్జి అయ్యే రోజున అతని కేస్‌షీటు మా బల్ల మీదికి వస్తుంది. డాక్టరు రాసిన రోగనిర్ధారణను చదివి, అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ గ్రంథంలో ఆ వ్యాధికి కేటాయించిన సంఖ్యను వేయాలి. ఆ తరువాతనే బిల్లింగ్. నల్లగొండ రోగికీ సముద్రాల అవతలి రోగికీ ఒకే వ్యాధికి ఒకే సంఖ్య! ఈ క్రమబద్ధత నాకు ఒక అద్భుతంగా తోచేది. అయితే దీనికొక కఠిన నియమం ఉన్నది. డాక్టరు వ్యాధి పేరు రాయకపోతే కోడరు ఊహించి రాయరాదు. నొప్పి అని రాస్తే నొప్పికి ఉన్న సంఖ్యనే వేయాలి.

మొదటి బ్యాచ్‌లో నలుగురు ఉండేవారు. వారిలో మరియమ్మది చౌటుప్పల్ దగ్గరి పల్లె. తల్లిదండ్రులు కూలి చేసి ఇంటర్ దాకా చదివించారు. ఖాజా పట్టణం పిల్లవాడు. చురుకైనవాడు, నోరు ఊరుకోదు.

ఒక ఉదయం ఎల్లయ్య అనే ఇటుక బట్టీ కూలి కేస్‌షీటు మరియమ్మ చేతికి వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, నడుము వంగిపోయింది. ఎముకల డాక్టరు గారు ఇలా రాశారు: “నడుం నొప్పి. కారణం తేలలేదు. ఎక్స్‌రేకు రోగి అంగీకరించలేదు. కోరికపై డిశ్చార్జి.”

మరియమ్మ లేచి నా దగ్గరికి వచ్చింది. “కారణం తేలకపోవుడేంది సార్? మనిషిని చూస్తనే తెలుస్తాంది. ఇది నీళ్ల రోగమే. మా ఊర్ల ఇంటికొకరున్నరు గిట్లనే.”

ఫ్లోరైడు నీళ్ల వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బును మా జిల్లాలో నీళ్ల రోగం అంటారు. వంగిన నడుము కనబడితే చాలు, మరో ఆలోచన ఎవరికీ రాదు.

“డాక్టరు గారు రాశారా?” అని అడిగాను.

“రాయలే సార్.”

“మరి నీవు ఎవరివి రాయడానికి?”

ఖాజా నవ్వాడు. “డాక్టరమ్మా, జర నా నాడి గూడ చూడు. పొద్దటిసంది ఆకలైతాంది, గది గూడ నీళ్ల రోగమేనా?”

ఆమె ముఖం ముడుచుకుని వెళ్లి, నడుం నొప్పికి ఉన్న 724.5 వేసింది. ఆనాడు డిశ్చార్జి అయ్యే రోగులు వచ్చి నిలబడే కిటికీ దగ్గరి విధి కూడా ఆమెదే. రోగి ఊరూ పేరూ సరిచూసి బిల్లుకు పంపాలి. ఎల్లయ్య తన భార్య బాలమ్మ భుజం పట్టుకుని నిలబడ్డాడు.

“ఏ ఊరు పెద్దయ్యా?”

“మాది పాలమూరు దిక్కు బిడ్డా. బట్టీ పనికి రెండేండ్ల కింద ఈడికొచ్చినం.”

మరియమ్మ కలం ఆగింది. “రెండేండ్లేనా? ఎక్స్‌రే ఎందుకు వద్దన్నవ్?”

“నీళ్ల రోగానికి మందు లేదంటరు గద. బట్టీ కాడ అందరు గదే అంటున్నరు. ఫొటో తీస్తె నడుం సక్కగైతదా? ఇంటికి పోయి మంచం పడత.” ఆ మాట చెప్పి దీనంగా నవ్వాడు.

ఆ నవ్వులో కనబడిన పళ్లను మరియమ్మ తదేకంగా చూసింది. నలుగురిలో ఎప్పుడూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వే ఆ పిల్ల తన పై పెదవిని ఎత్తి, గోధుమరంగు చారలు పడిన పళ్లను అతనికి చూపించింది.

“చూడు పెద్దయ్యా. పుట్టినకాంచి మా నీళ్లు తాగితె గిట్లుంటయ్. నీయి మల్లెపూలున్నట్టున్నయ్. రెండేండ్లకే నడుం గింత వంగదు. ఇంకేమన్న బాధున్నదా?”

“పొద్దుమీకితె ఒళ్లు కాలుతది. బట్టీ సెగ అనుకున్న.”

“డాక్టరు సారుకు చెప్పినవా?”

“సెగ సంగతి సారుకెందుకు?”

బాలమ్మ అందుకుంది. “ఆదివారం నాడు బట్టీ బందే గదా! ఆ నాడు గూడ కాలింది. నీళ్ల రోగమని నన్ను ఇన్నొద్దులు ఏడిపిచ్చినవ్ గదయ్యా!”

మరియమ్మ పరుగున వచ్చింది. “సార్, రాయొద్దన్నరు. అడగొచ్చునా?”

“అడగవచ్చు. దానిని క్వెరీ అంటారు” అన్నాను. అనుమానం వచ్చిన కోడరు డాక్టరుకు రాతపూర్వకంగా పంపే ప్రశ్న అది. పాఠంలో చెప్పానే గాని, అంతవరకు ఒక్కరూ పంపలేదు. ఆమె వ్యాధి పేరేదీ రాయలేదు. “రోగి ఇక్కడికి వచ్చి రెండేళ్లే అయింది. సాయంత్రాలు జ్వరం వస్తుందంటున్నాడు. దయచేసి మరొకసారి చూడగలరా?” అని మాత్రమే రాసింది. ఎక్స్‌రేకు ఎల్లయ్యను ఒప్పించే పని బాలమ్మ చూసుకున్నది. ఆ కేకలు వరండా చివరిదాకా వినబడ్డాయి.

ఆ సాయంత్రం ఎముకల డాక్టరు గారే ఫిల్ము పట్టుకుని మా గదికి వచ్చారు. “వెన్నెముక క్షయ. కాళ్లలో బలం ఇంకా ఉన్నది, సమయానికి దొరికింది. జ్వరం సంగతి నాకు చెప్పనే లేదు. నెలల తరబడి మందులు వాడాలి. నయమవుతుంది” అన్నారు.

ఎల్లయ్య కేస్‌షీటు రెండవసారి మా బల్ల మీదికి వచ్చిన రోజును మరచిపోలేను. క్షయ సంఖ్యను నేను వేస్తానంటే నేను వేస్తానని నలుగురూ పుస్తకం మీద పడ్డారు. విభాగంలో గట్టిగా మాట్లాడటాన్నే సహించని నేను ఆ అల్లరిని ఆపలేదు. ఖాజాయే చివరికి కలం లాక్కుని ఆమె చేతిలో పెట్టాడు. “నువ్వే ఎయ్ డాక్టరమ్మా, నీ హక్కు.” ఆమె 015.0 అని వేసింది. ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది.

ఊహించి రాయకూడదన్న నియమాన్ని నేను సడలించలేదు. మరియమ్మ ఊహించినట్టే రాసి ఉంటే ఆ మనిషి తప్పుడు జబ్బు పేరుతో ఇంటికి వెళ్లేవాడు. కాని ఊహించి రాయకుండా ఆగినంత మాత్రాన కోడరు పని పూర్తికాదని, అడగడం కూడా అందులో భాగమేనని ఆనాడు తెలుసుకున్నాను. ఆ తరువాత వచ్చిన ప్రతి బ్యాచ్‌నూ కోడ్ పుస్తకం ముట్టనివ్వకముందే కిటికీ దగ్గర కూర్చోబెట్టాను.

ఒక కుర్రవాడు విసుక్కున్నాడు. “నంబర్లు నేర్సుకుందామని వచ్చినం సార్. గీ ముచ్చట్లెందుకు?”

“నంబర్లు పుస్తకంలో ఉన్నాయి, ఎక్కడికీ పోవు” అన్నాను. “కిటికీ ముందు నిలబడినవాడు వెళ్లిపోతాడు.”